ఐదో ట్యాగు

4వ తేదీ, సోమవారం

పాల పుస్తకంలో రాస్తున్నాను. ఉదయం, సాయంత్రం అని రెండు గళ్లు, ఎన్ని లీటర్లో వేసుకోవడానికి. పన్నెండు రోజులుగా ఆ గళ్లు ఖాళీ. ఖాళీ పుస్తకంలో ఏం గీకినా అడిగేవాళ్లుండరు. మా ఆవిడ కూడా దీన్ని ఇప్పట్లో ముట్టుకోదు. చూస్తేనే ఏడుపొస్తోందంటుంది.

ఆరింటిలో నాలుగు పోయాయి. మొదట నల్లది, తర్వాత అక్కాచెల్లెళ్లు రెండూ ఒకే రోజు, ఇవాళ పొద్దున్నే పెద్దావు. మిగిలింది మొండిది, దాని కూతురు పెయ్య. పెయ్యకి ఏ రోగమూ అంటలేదు. మొండిది మూడు రోజులుగా లేవలేదు. నోటి నిండా పుళ్లు, మేత లేదు, మెడ నిలవడం లేదు. నిన్న ఊరి పశువులకి సూదులు వేసే సూది మామ వచ్చి చూసి పెదవి విరిచాడు.

"రేపు సాయంత్రం దాకా ఉంటే గొప్పే అల్లుడూ" అన్నాడు.

ఆ మాట ఆయనే అన్నాడు. నేను అనలేదు. ఇది గుర్తుపెట్టుకోవాలి.

అత్యవసర సాయం లిస్టు ఇవాళ నాలుగింటికి మూసేశారు. చచ్చిన పశువు చెవి ట్యాగు కోసి ఇవ్వాలి, పశువుల ఆస్పత్రి తరఫున సూది మామ శవాన్ని కళ్లారా చూసి సంతకం పెట్టాలి. ట్యాగుకి ఇంత అని ప్రభుత్వం ఇస్తుంది. నాలుగు గంటలు దాటాక చచ్చిన పశువు వాళ్ల దృష్టిలో చచ్చినట్టే కాదు.

గొయ్యి తవ్విన యంత్రం వాడికి ఇంకో చోట పని ఉందంటే పదింటికే సున్నం పోసి పూడ్పించేశాం. నాలుగు ట్యాగులు తీగకి గుచ్చి పెట్టాను. ఒంటిగంటన్నరకి మా ఆవిడ అలసిపోయి లోపల నడుం వాల్చింది. నేను షెడ్డులోకి వెళ్లాను. మొండిది కళ్లు మూసుకుని ఉంది. కత్తెర తీసుకున్నాను. సాయంత్రానికి ఎలాగూ ఐదే కదా అనుకున్నాను. కత్తెర తగలగానే అది చెవి విదిల్చింది. చేయి తప్పి చెవి అంచు తెగింది. చావబోయే దానికి అంత చురుకెక్కడిదో. ట్యాగు బకెట్లో కడిగి తీగకి గుచ్చాను.

సూది మామ రెండింటికి వచ్చాడు. ఇవాళ పదకొండు ఇళ్లు తిరిగాడట, చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయింది. పూడ్చేసిన గొయ్యి వంక చూశాడు.

"ఎన్ని?"

"ఐదు మామా."

"మొండిది కూడా పోయిందా?"

తల ఊపాను. ఆయన తీగ అందుకుని జేబులో వేసుకున్నాడు. లెక్క కూడా పెట్టలేదు. "పూడ్చకముందే చూడాలి గానీ, నువ్వు చెప్తే చాల్లే" అని స్కూటరు సీటు మీదే కాగితం పెట్టి సంతకం చేశాడు. నా భుజం తట్టి వెళ్లాడు. షెడ్డు తలుపు దగ్గరికి వేసి ఉంది.

దొంగతనం ఏమీ చెయ్యలేదు. కొన్ని గంటలు ముందు రాశాను, అంతే.

5వ తేదీ, మంగళవారం

ఇంకా ఉంది.

6వ తేదీ, బుధవారం

పక్కింటి వాడి ఆవు ఇవాళ పోయింది. వాడి పేరు మేము రేడియో అని పెట్టుకున్నాం, ఒక చెవిలో పడ్డది ఊరంతా వినిపిస్తాడు కాబట్టి. ఇవాళ ఆ రేడియో మూగబోయింది. గోడ అవతల కూలబడి ఉన్నాడు. రెండు రోజుల ముందు పోయి ఉంటే వాడికీ సాయం వచ్చేది.

"నా ఖర్మ చూడు" అన్నాడు. "చావడానికి కూడా టైము కుదరలేదు దానికి."

గోడ మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

మొండిది తల ఎత్తింది. మా ఆవిడ జావ కాచి సీసాతో నోట్లో పోస్తుంటే గుటక వేసింది. "మింగిందండీ! చూశారా, మింగింది!" అని చిన్నపిల్లలా అరిచింది. నేనూ నవ్వాను.

7వ తేదీ, గురువారం

మా ఆవిడ వాళ్ల అక్కకి ఒంట్లో బాగాలేదంటే చూడ్డానికి వెళ్లింది. మధ్యాహ్నం మందు నన్ను పట్టించమంది. పట్టించాను.

8వ తేదీ, శుక్రవారం

లేచి నిలబడింది. నాలుగు కాళ్లూ వణుకుతూ, ముందు మోకాళ్ల మీద కాసేపు ఆగి, మళ్లీ ప్రయత్నించి నిలబడింది. పుట్టినప్పుడే తల్లి లేవనివ్వకపోయినా లేచి నిలబడిందని దీనికి ఆ పేరు పెట్టింది మా ఆవిడే. ఇవాళ దాని మెడ పట్టుకుని ఏడ్చింది. తర్వాత నా మెడ పట్టుకుని ఏడ్చింది. మా ఇద్దరికీ ఒకటే మర్యాద.

అప్పుడు చెవి చూసింది.

"ఇదేంటి, చెవి తెగిందే? ట్యాగు ఏది?"

"తొట్టి దగ్గర మేకు ఉందిగా. గీసుకుని ఉంటుంది. ట్యాగు గడ్డిలో ఎక్కడో పడి ఉంటుంది."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ముందే తయారు చేసి పెట్టుకున్నట్టు.

తను చెవికి ఆయింట్‌మెంటు రాసింది. తర్వాత పట్టకారు తెచ్చి తొట్టికి ఉన్న మేకు పీకేసింది. తుప్పు పట్టిన మేకు, పాపం, అదేం చేసింది. తను గడ్డి అంతా కదిలించి ట్యాగు కోసం వెతికింది. నేనూ పక్కనే కూర్చుని వెతికాను. అరగంట వెతికాం.

11వ తేదీ, సోమవారం

డబ్బు పడింది. ఐదు ఆవులకీ.

ఫోను మోగగానే బ్యాంకు మెసేజి నేనే చూసి ఫోను జేబులో పెట్టేసుకున్నాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి "ఏమిటి?" అంది. "ఏం లేదు" అన్నాను.

12వ తేదీ, మంగళవారం

ఆరులోంచి ఐదు తీస్తే ఒకటి. షెడ్డులో రెండు నోళ్లు మేత తింటున్నాయి. ఒకటో తరగతి లెక్క ఇది. ఏ గుడ్డివాడు వచ్చినా శబ్దం విని చెప్పేస్తాడు.

కానీ ఎవరు వస్తారు? ఎందుకొస్తారు? ఎవరి ఏడుపు వాళ్లకుంది. చచ్చినవి చచ్చాయి, డబ్బు వచ్చింది, అయిపోయింది.

13వ తేదీ, బుధవారం

మొండిది పాలిచ్చింది. ఉదయం లీటరుకి కొంచెం తక్కువ. గడిలో రాద్దామని మా ఆవిడ పాల పుస్తకం వెతికింది. పుస్తకం దాణా బస్తాల వెనక దాచాను కదా. "ఎక్కడో పెట్టాను, నేను రాస్తాలే" అన్నాను.

పాల కేంద్రానికి తీసుకెళ్దాం అంది. అక్కడ క్యాను పెట్టగానే మొదటి మాట "ట్యాగు నంబరు?" అని. నంబరు చెప్తే చచ్చిన ఆవు పాలు తెచ్చిన మొదటివాణ్ని నేనే అవుతాను.

"మందులు వాడిన ఆవు. పది రోజులు ఆగాలి, ఆ పాలు ఇవ్వకూడదు" అన్నాను.

"అవును సుమా" అంది.

తొమ్మిది రోజుల్లో నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అది. పాలు కాలవలో పారబోశాం.

14వ తేదీ, గురువారం

పాల కేంద్రం గోడకి నోటీసు అంటించారు. సాయం అందుకున్న ఇళ్లు తనిఖీ చేస్తారట. పైనుంచి మనుషులు వస్తారు, 20వ తేదీ బుధవారం. ఆఫీసులో ట్యాగులు లెక్కపెడతారు, ఇళ్లకొచ్చి బతికున్న పశువుల్ని లెక్కపెడతారు. అనుమానం వస్తే సంతకం పెట్టిన ఉద్యోగి మీద చర్య.

ఆ చివరి లైను ముందు మూడుసార్లు చదివాను. నా మీద చర్య గురించి రెండు లైన్లు పైన ఉంది, అది ఒక్కసారే చదివాను. నెలాఖరుకి రిటైరవుతున్న మనిషి. ముప్ఫై ఏళ్లుగా ఆ స్కూటరు మీదే. ఊళ్లో అందరూ అల్లుళ్లే, పెళ్లి చెయ్యడానికి కూతురే లేదు అని తన మీద తనే వేసుకునే జోకు. నెలాఖరు తర్వాత ఆయనకున్నది ఆ పెన్షను ఒక్కటే. పోతే ఎవరి వల్ల పోతుంది?

"రేపు సాయంత్రం దాకా ఉంటే గొప్పే" అన్నది ఆయనే. ఆయన అలా అనకపోతే నేను కత్తెర పట్టేవాణ్ని కాదు.

కాదులే. ఇది ఆయన మీదకి తోసే పని కాదు.

ఇంటికొచ్చాక మొండిదాన్ని షెడ్డులోంచి తీసి దాణా గదిలో కట్టేశాను. మా ఆవిడ అడిగితే "ఒక్కత్తే ప్రశాంతంగా ఉంటుంది, త్వరగా కోలుకుంటుంది" అన్నాను. దాణా గదికి కిటికీ లేదు. అది లోపల అరవడం మొదలుపెట్టింది. పెయ్య షెడ్డులోంచి బదులు అరిచింది. గోడ అవతల రేడియో దగ్గాడు.

15వ తేదీ, శుక్రవారం

రేడియో గోడ మీంచి తల పెట్టాడు. "మీ మొండిది బతికి బట్టకట్టిందటగా. అదృష్టవంతుడివి" అన్నాడు. గోడ మీద మోచేతులు ఆన్చి, "నీకు ఎన్నిటికి పడింది?" అన్నాడు.

"పోయిన వాటికి."

"అదేలే. ఎన్ని పోయాయి, నాలుగా?"

"ఆ."

"నాలుగు" అన్నాడు మళ్లీ, నోట్లో పెట్టుకుని రుచి చూస్తున్నట్టు. తల దింపేశాడు.

వీడికి తెలుసు. తెలిస్తే నిన్ననే చెప్పేసి ఉండేవాడు. తెలియదు. తెలిసినా చెప్పకుండా బుధవారం కోసం చూస్తున్నాడేమో. స్కూటరు శబ్దం వినబడితే చాలు, వాకిట్లోంచి లోపలికి వచ్చేస్తున్నాను. స్కూటరు సూది మామదైతే మరీ. ఇంతకు ముందు ఆ శబ్దం వింటే మా ఆవిడ టీ పెట్టేది.

అసలు ఒకటి రాయాలి. 7వ తేదీ రాసింది అబద్ధం. మందు పట్టించలేదు. సీసా మూత తీసి కాలవలో పోశాను. ఖాళీ సీసా కడిగి బోర్లించి పెట్టాను. మా ఆవిడ వచ్చి "పట్టించారా?" అంటే ఆ అన్నాను. ఇక్కడా అదే రాశాను. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాశాను. ఎవరిని నమ్మించడానికి?

మందు లేకుండానే లేచింది అది.

16వ తేదీ, శనివారం

ఒక వ్యాన్ వాడి నంబరు దొరికింది. ట్యాగు లేని పశువుని కూడా తీసుకెళ్తాడట. ఎక్కడికని అడగకూడదు. రేపు మా ఆవిడ మళ్లీ అక్క దగ్గరికి వెళ్తుంది. పదకొండింటికి రమ్మన్నాను.

17వ తేదీ, ఆదివారం

వచ్చాడు. ముందు చెవి చూశాడు. "ట్యాగు లేదా, నాకింకా మంచిది" అన్నాడు. సగం రేటు అన్నాడు, సరే అన్నాను. ఊరికే ఇచ్చినా సరే అనేవాణ్ని.

దాణా గదిలోంచి బయటికి తెస్తే వెలుగుకి కళ్లు చికిలించింది. వ్యాను దాకా బాగానే నడిచింది. ఎక్కించే చెక్క మీద మొదటి అడుగు వెయ్యాల్సొచ్చేసరికి నాలుగు కాళ్లూ నేలలో పాతుకున్నట్టు నిలబడిపోయింది. వాడు పలుపు లాగాడు. నేను వెనక నుంచి తోశాను. కదల్లేదు. వాడు కర్ర తీశాడు. వీపు మీద ఒకటి, రెండు, మూడు. అప్పుడది అరిచింది, నేనెప్పుడూ వినని గొంతుతో. షెడ్డులోంచి పెయ్య అరిచింది. తోక దగ్గర నిలబడి నేను ఇంకా తోస్తూనే ఉన్నాను.

గోడ మీద రేడియో తల కనబడింది.

"అమ్మేస్తున్నావా? చావు నోట్లోంచి వచ్చినదాన్ని?"

"లేదులే" అన్నాను. "ఊరికే. చూపిస్తున్నాను."

వ్యాన్ వాణ్ని పంపేశాను. వాడు బూతులు తిట్టి, డీజిలు ఖర్చు వసూలు చేసుకుని మరీ వెళ్లాడు. ఇక్కడ ఒక నిజం రాస్తున్నాను, జాలిపడి ఆపలేదు. రేడియో చూశాడని ఆపాను. వాడు ఇంట్లో లేకపోతే ఈపాటికి అది వెళ్లిపోయి ఉండేది.

మా ఆవిడ మూడింటికి వచ్చింది. నేరుగా దాణా గదికి వెళ్లింది. చాలాసేపు బయటికి రాలేదు. వెళ్లి చూస్తే మొండిది వీపు మీది చారలకి ఆయింట్‌మెంటు రాస్తోంది. నా వైపు తిరగలేదు.

"మేకు గీసుకుంటే చీరుతుంది" అంది. "కోసినట్టుండదు. ఆ రోజే అనుకున్నాను. మీరు చెప్తారులే అని ఊరుకున్నాను."

ఆయింట్‌మెంటు ఇంకొంచెం తీసుకుని రెండో చార మీద రాసింది.

"సాయం డబ్బులు వచ్చాయని పాల కేంద్రంలో ఆడవాళ్లు చెప్పారు. ఆ రోజు ఫోను మోగితే ఏమిటి అన్నందుకు మీరు ఏం లేదు అన్నారు. ఏం లేదు, ఏం లేదు. నాలుగు ఆవులు కళ్లముందే చచ్చిపోతుంటే కూడా నాకింత భయం వెయ్యలేదండీ. ఇవాళ మిమ్మల్ని చూస్తే వేస్తోంది."

గుమ్మంలోనే కూర్చుండిపోయాను. అంతా చెప్పాను. కత్తెర, బకెట్టు, మందు సీసా, వ్యాను. మందు సీసా దగ్గర మాత్రం తను రాయడం ఆపింది. వేలి మీద ఆయింట్‌మెంటు అలాగే ఉండిపోయింది.

"సూది మామకి తెలుసా?"

"తెలియదు. తెలిస్తే సంతకం పెట్టేవాడా?"

"ఆ మనిషి మన పెళ్లికి కూడా ఆ స్కూటరు మీదే వచ్చాడు" అంది. మొండిదాన్ని విప్పి షెడ్డులో, పెయ్య పక్కన కట్టేసింది. తలుపులు బార్లా తీసిపెట్టింది. నేను వద్దనలేదు.

18వ తేదీ, సోమవారం

ఉదయం సూది మామ ఇంటికి వెళ్లాను. వీధి మొదట్లో రెండుసార్లు వెనక్కి తిరిగాను. మూడోసారి ఆయనే అరుగు మీంచి చూసి "రా అల్లుడూ" అన్నాడు. ఇక తప్పించుకునే దారి లేకపోయింది.

ఒంటిగది ఇల్లు. మంచం మీద పాత ఫైళ్లు కట్టలు కట్టి పెట్టాడు, ఆఫీసుకి అప్పజెప్పడానికి. గోడకి స్కూటరు తాళం వేలాడుతోంది. ఒకే కుర్చీ. దాంట్లో నన్ను కూర్చోబెట్టి తను ఫైళ్ల పక్కన కూర్చున్నాడు. మనిషి ఈ రెండు వారాల్లో చిక్కిపోయాడు. తనిఖీ పనులు ఎక్కువయ్యాయేమో అనుకున్నాను.

"మామా, ఒకటి చెప్పాలి" అన్నాను. నీళ్లు ఇచ్చాడు. తాగాను. మళ్లీ మొదలుపెట్టాను. "ఆ రోజు గోతిలో ఉన్నవి..."

"నాలుగు" అన్నాడు.

చొక్కా జేబులో చెయ్యి పెట్టి ట్యాగు తీసి మంచం మీద పెట్టాడు. మొండిదాని ట్యాగు. నంబరు చూడకుండానే తెలిసింది.

"ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్ని ట్యాగులూ కడుగుతున్నాను" అన్నాడు. "చచ్చిన చెవి కోస్తే రక్తం కారదు అల్లుడూ. నీ ఐదో ట్యాగు పిన్ను సందులో రక్తం గడ్డకట్టి ఉంది. ముప్ఫై ఏళ్లు ఇదే పని కదా. చూడగానే చెయ్యి ఆగిపోయింది. అప్పటికి లిస్టు వెళ్లిపోయింది."

"మరి ఎందుకు అడగలేదు మామా?"

పక్కనున్న ఫైళ్ల కట్ట కొంచెం జరిపాడు.

"నేనొచ్చి పట్టుకుంటే అది దొంగతనం. నువ్వొచ్చి చెప్తే పొరపాటు. వస్తావని చూశాను. పద్నాలుగు రోజులు ఈ జేబులోనే పెట్టుకు తిరిగాను. రోజూ మీ వీధిలోంచే వెళ్లాను, నువ్వు వాకిట్లో కనబడితే ఆగుదామని. స్కూటరు శబ్దం వినగానే లోపలికి వెళ్లిపోయేవాడివి." ట్యాగుని వేలితో అటూ ఇటూ తిప్పాడు. "నువ్వు రాకపోతే ఏం చెయ్యాలో నాకూ తెలియలేదు. తప్పు నాది కూడా కదా. శవం చూడకుండా సంతకం పెట్టినవాడు ఏ మొహంతో నిన్ను అడుగుతాడు? నాకూ భయమేసింది అల్లుడూ. ఈ వయసులో, చివరి నెలలో."

ఏడ్చాను. సిగ్గు లేకుండా, ఆయన కుర్చీలో కూర్చుని ఏడ్చాను. నేనొక్కణ్నే భయపడుతున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాను.

రేపు ఇద్దరం కలిసి ఆఫీసుకి వెళ్తాం. తనిఖీ వాళ్లు రాకముందే.

19వ తేదీ, మంగళవారం

ఆఫీసు వరండాలో పొడుగాటి బల్ల. సూది మామ "నువ్వు ఇక్కడే కూర్చో. ముందు నేను వెళ్తాను" అన్నాడు. తలుపు వేసుకున్నాడు. పాత తలుపు, కింద సందుంది, మాటలు బయటికే వస్తాయి.

"తప్పు నాదే సార్" అంటున్నాడు లోపల. "హడావుడిలో నేనే లెక్క తప్పాను. అతను నాలుగే ఇచ్చాడు. వేరే ఇంటి ట్యాగు ఒకటి ఈ తీగకి గుచ్చేశాను. ఆ రైతుకి ఏమీ తెలియదు."

బల్ల మీద కూర్చుని అదంతా విన్నాను.

ఒక గుమాస్తా కాగితాలు పట్టుకుని వచ్చి నన్ను చూశాడు. "మీరు దేనికొచ్చారు?"

"ఏం లేదు" అన్నాను.

అన్నాను. నోరు దానంతట అదే అంది. గుమాస్తా వెళ్లిపోయాడు. లోపల ఎవరో గట్టిగా అరుస్తున్నారు, ఇన్నేళ్ల సర్వీసు ఏమైంది, చివర్లో ఈ బుద్ధేమిటి అని. సూది మామ "సార్, సార్" అంటున్నాడు. గేటు ఎదురుగానే ఉంది. లేచి వెళ్లిపోతే ఆయన ఏమీ అనుకోడు, అది కూడా తెలుసు. ఆ అరుపులు ఎంతసేపు విన్నానో తెలియదు. ఆయన "పెన్షను ఒక్కటి మాత్రం ఆపకండి సార్" అన్న మాట విన్నాక లేచాను.

తలుపు తోశాను. అందరూ తిరిగి చూశారు. సూది మామ వద్దన్నట్టు తల ఊపాడు.

"బతికున్న ఆవు చెవి నేనే కోశాను సార్" అన్నాను. "ఆయనకి ఐదు చచ్చాయని చెప్పిందీ నేనే."

తర్వాత చాలా అడిగారు. రాయించుకున్నారు, సంతకాలు పెట్టించుకున్నారు. ఐదోదాని డబ్బు మొత్తం వెనక్కి కట్టాలి. మిగతా నాలుగింటి సంగతి, నా మీద కేసు సంగతి పైవాళ్లు తేలుస్తారు. సూది మామ రిటైర్మెంటు కాగితాలు విచారణ అయ్యేదాకా ఆపేశారు. శవం చూడకుండా సంతకం పెట్టినందుకు, అబద్ధం చెప్పినందుకు. ఆ అబద్ధం నా కోసం చెప్పాడు, అది కూడా ఆయన ఖాతాలోనే పడింది.

బయటికొచ్చాక స్కూటరు వెనక కూర్చున్నాను. మా వీధి మలుపులో దింపి, "అక్కడే కూర్చోమన్నాను కదా" అన్నాడు. కోపంగానే అన్నాడు. వెళ్లిపోయాడు.

20వ తేదీ, బుధవారం

తనిఖీ వాళ్లు వచ్చారు. రెండు పశువులు లెక్కపెట్టుకున్నారు. గోడ అవతల రేడియో నిలబడి అంతా విన్నాడు. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. పాల కేంద్రంలో ఎవరూ పలకరించలేదు. సాయం అందుకున్నవాళ్లలో ఇద్దరు మాత్రం నన్ను చూసి చూపు తిప్పుకున్నారు. వాళ్లు కోపంతో తిప్పుకున్నారో భయంతో తిప్పుకున్నారో తెలియలేదు.

21వ తేదీ, గురువారం

ఉదయం: లీటరున్నర. ఈ గడిలో మా ఆవిడే రాసింది. మొండిదాన్ని దాణా గదిలోంచి విప్పిన రోజే బస్తాల వెనక పుస్తకం కనబడిందట. చదివావా అని అడిగాను. "ఏడో తేదీన 'పట్టించాను' అన్న మాట దాకా చదివి ఆపేశాను" అంది. అంతకు మించి అడగడానికి ధైర్యం చాలలేదు.

నాలుగింటికి స్కూటరు శబ్దం. లోపలికి వెళ్లలేదు. వాకిట్లోనే నిలబడ్డాను.

"ట్యాగు లేని దానికి టీకా వెయ్యరు. పాలు తీసుకోరు" అన్నాడు సూది మామ, సంచీ దించుకుంటూ. "ఆర్డరు రాయించుకొచ్చాను. కొత్త నంబరు."

మా ఆవిడ టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. నేను మొండిది తల పట్టుకున్నాను. కోసిన చెవి వదిలేసి రెండో చెవి పట్టుకున్నాడు. ట్యాగు మూడుసార్లు పెట్టి తీశాడు. నాలుగోసారి నొక్కాడు. మొండిది ఒక్క ఊపు ఊపింది, ఇద్దరం గోడకి గుద్దుకున్నాం.

చెవి మీద రక్తం చుక్క వచ్చింది. ఆయన దాన్ని బొటనవేలితో తుడిచాడు. ఆ వేలి వంక కొంచెం సేపు చూశాడు, తర్వాత నా వంక చూశాడు. ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"విచారణ ఎప్పుడు మామా?" అన్నాను.

"పిలుస్తారట."

"నేనూ వస్తాను."

"పిలవకపోయినా?"

"పిలవకపోయినా."

టీ వచ్చింది. షెడ్డు గుమ్మంలో కూర్చుని తాగాడు. గ్లాసు కింద పెట్టాక సంచీలోంచి ఇంకో ట్యాగు తీశాడు. పెయ్యకి కూడా వేసి వెళ్లాడు, దానికి ఇంకా వెయ్యలేదని గుర్తుంది ఆయనకి.